‘ముందు మంచి షూ కొనుక్కుని రా’: రన్నింగ్ గ్రూపుల పెద్దలకు ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో ఆదివారం తెల్లవారుజామున జనాన్ని నిద్రలేపి పరుగెత్తించే రన్నింగ్ గ్రూపుల పెద్దలకు, కోచ్‌లకు, మారథాన్లు నిర్వహించే మిత్రులకు నమస్కారం.

నేను మీలో ఒకణ్ణే. పదకొండేళ్లుగా పరుగెడుతున్నాను. ఆరు ఫుల్ మారథాన్లు, అంటే 42 కిలోమీటర్లవి, పూర్తి చేశాను, 21 కిలోమీటర్ల హాఫ్‌ల లెక్క మర్చిపోయాను. వేగం సంగతి మాత్రం అడక్కండి. ఫుల్‌లో నా బెస్ట్ టైమ్ 4 గంటల 52 నిమిషాలు. ఫినిష్ దగ్గర పెట్టిన ఉప్మా చల్లారకముందే చేరితే చాలనుకునే బాపతు. అలాంటివాణ్ణి మీకు ఉత్తరం రాయాల్సి రావడానికి కారణం, గత జూన్‌లో నా నోట్లోంచి ఊడిపడ్డ ఒక మాట.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుక్కి పంతొమ్మిదేళ్లు. వాళ్లది పాలమూరు వైపు. ఇంటర్ అయిపోయింది, కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. పొద్దున్నే నేను బ్యాగు తగిలించుకుని బయల్దేరుతుంటే గేటు తీసేవాడు. ఒకరోజు “నేను కూడా రావచ్చా సార్?” అన్నాడు. ఆదివారం కారెక్కించుకుని తీసుకొచ్చాను. ఆ రోజు మాది నెక్లెస్ రోడ్డు మీద పన్నెండు కిలోమీటర్లు. అతని కాళ్లకు బడిలో పీటీకి వేసుకున్న తెల్ల కాన్వాస్ బూట్లు. ఎడమదాంట్లో చిటికెన వేలి దగ్గర గుడ్డ చిరిగి వేలు బయటికి కనబడుతోంది. లేసు ఒకటి తెల్లది, ఒకటి నల్లది. మొదటి ఐదు కిలోమీటర్లు మా వెనకాలే మర్యాదగా వచ్చాడు. తర్వాత “ముందుకెళ్లనా సార్?” అని అడిగి మరీ వెళ్లిపోయాడు. మేం పీపుల్స్ ప్లాజా దగ్గరికి చేరేసరికి గట్టు మీద కూర్చుని హుస్సేన్ సాగర్ నీళ్లు చూస్తున్నాడు. ఒంటి మీద చెమట ఉంది, ఆయాసం లేదు.

స్ట్రెచింగ్ చేస్తున్నప్పుడు అందరి కళ్లూ అతని కాళ్ల మీద పడ్డాయి. నేనే అన్నాను: “తమ్ముడూ, ముందు మంచి షూ కొనుక్కుని రా. వీటితో పరుగెడితే మోకాళ్లు పోతాయి.” “ఎంతవుతాయి సార్?” అన్నాడు. పక్కనున్న మిత్రుడు, మంచి మనసున్నవాడే, “స్టార్టింగ్ కాబట్టి ఓ ఎనిమిది వేలు పెట్టు, అంతకు తక్కువలో వద్దు” అన్నాడు. అబ్బాయి తలూపాడు. మరుసటి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. గేటు దగ్గర అడిగితే “షూ కొన్నాక వస్తా సార్” అన్నాడు. వాళ్ల నాన్న జీతం పన్నెండు వేలు. సొసైటీ కమిటీలో కూర్చుని ఆ జీతం ఖాయం చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ రాత్రి ఒకటే అనుమానం. నేనన్న మాట నిజమేనా? ఎనిమిది వేల షూ లేకపోతే మోకాళ్లు పోతాయని నాకెవరు చెప్పారు? గుర్తు చేసుకుంటే, పదకొండేళ్ల కిందట నా మొదటి ఆదివారం ఒక సీనియర్ చెప్పాడు. ఆయనకు ఇంకో సీనియర్ చెప్పి ఉంటాడు. ఆ గొలుసు పట్టుకుని వెనక్కి వెళ్తే మొదటి మనిషి ఏ షూ షాపులోనో దొరుకుతాడని నా అనుమానం. నేను మాత్రం ఇన్నేళ్లూ దాన్ని ఒక్కసారి కూడా పరీక్షించకుండా పక్కవాడికి అందించాను. అప్పట్నుంచి ఈ విషయం మీద చేతికందిందల్లా చదివాను. చదివింది మీతో పంచుకోవాలనే ఈ లేఖ.

ముందు మోకాళ్ల సంగతి చూద్దాం. అంతకుముందు జరిగిన పరిశోధనలను కలిపి చూసిన ఒక సమీక్ష 2017లో వచ్చింది. సరదాకీ ఆరోగ్యానికీ పరుగెత్తేవాళ్లలో మోకాలి, తుంటి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందిలో కనిపించింది. అసలు పరుగెత్తనివాళ్లలో అది 10.2 శాతం. పోటీల స్థాయిలో పరుగెత్తేవాళ్లలో 13.3 శాతం. మనం మొదటి రకం వాళ్లం, అందులో సందేహం లేదు. మోకాళ్లు బాగున్నవాళ్లే పరుగులో మిగులుతారు కాబట్టి లెక్క అలా వచ్చిందని ఎవరైనా వాదించవచ్చు, కొట్టిపారెయ్యలేను. కానీ కొత్తగా వచ్చినవాడి మొహం మీద “మోకాళ్లు పోతాయి” అనేటంత ధైర్యం ఈ అంకెలు మనకివ్వవు.

ఇక ధర. స్కాట్లాండ్‌లోని డండీలో పరిశోధకులు మూడు కంపెనీల షూలు తీసుకున్నారు. ఒక్కో కంపెనీవి మూడు ధరల్లో: 40 నుంచి 45 పౌండ్లవి, 60 నుంచి 65వి, 70 నుంచి 75వి. మనుషులకు తొడిగి అరికాలి మీద ఎక్కడెక్కడ ఎంత ఒత్తిడి పడుతోందో కొలిచారు, ఏది హాయిగా ఉందో అడిగారు. 2008లో అచ్చయిన ఆ ఫలితం ప్రకారం, ఖరీదు పెరిగినంత మాత్రాన ఒత్తిడి తగ్గలేదు, హాయి పెరగలేదు. అంతకు చాలా ముందు, 1984లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో 16 కిలోమీటర్ల పరుగులో పాల్గొన్న నాలుగు వేల మందికి పైగా రన్నర్లను ప్రశ్నించారు. అన్నిటికన్నా ఖరీదైన షూ వేసుకునేవాళ్లే ఎక్కువ గాయాలు చెప్పారు. ఇది పట్టుకుని ఖరీదైన షూ కాళ్లు విరగ్గొడుతుందని ప్రచారం చేసినవాళ్లున్నారు. అంత తొందర అక్కర్లేదు. దెబ్బ తగిలినవాడే భయపడి ఖరీదైన షూ కొంటాడు, రోజూ ఎక్కువ దూరం పరుగెత్తేవాడే ఖర్చుకు వెనకాడడు. మన గ్రూపులో చూడండి, ఫిజియోథెరపిస్టు నంబరూ పదిహేను వేల షూ ఒకే మనిషి దగ్గర దొరుకుతాయి. అయినా, ధర పెడితే గాయాలు రావన్న హామీ మాత్రం ఆ లెక్కల్లో ఎక్కడా లేదు.

షాపులో ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, వీడియో తీసి, “మీది ఫ్లాట్ ఫుట్ సార్, మీకు ఈ మోడలే” అంటారు చూశారా, దాని సంగతి అమెరికా సైన్యం తేల్చింది. 2009, 2010 ప్రాంతంలో సైన్యం, వైమానిక దళం, మెరైన్ల శిక్షణ శిబిరాల్లో కొత్తగా చేరినవాళ్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు పాదం వంపు చూసి దానికి తగ్గ షూ ఇచ్చారు. రెండో గుంపుకు వంపు చూడకుండా అందరికీ ఒకే రకం ఇచ్చారు. గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. లక్షల కోట్ల బడ్జెట్ ఉన్న సైన్యానికే ఉపయోగపడని సలహాని, మనం మారథాన్‌కి ముందు పెట్టే ఎక్స్‌పోలో స్టాలు పెట్టించి మరీ ఉచితంగా ఇప్పిస్తున్నాం.

అలాగని షూలో ఏమీ లేదని అనను. 2020లో లక్సెంబర్గ్ పరిశోధకులు ఎనిమిది వందల మందికి పైగా రన్నర్లకు పైకి ఒకేలా కనబడే రెండు రకాల షూలు ఇచ్చి ఆరు నెలలు గమనించారు. ఒకటి మెత్తనిది, ఒకటి గట్టిది. గట్టివి వేసుకున్నవాళ్లకు గాయాలు ఎక్కువయ్యాయి. కాబట్టి అడుగున మెత్తదనం ఉంటే మంచిదే. చిరిగిన కాన్వాస్ బూట్లతో ఆ అబ్బాయి ఏళ్ల తరబడి పన్నెండేసి కిలోమీటర్లు పరుగెత్తాలని నేనూ కోరుకోను. కానీ మెత్తదనం ఇప్పుడు ఎనిమిది వేలకే దొరికే వస్తువు కాదు. రెండు వేలు, రెండున్నర వేలకు వచ్చే మామూలు రన్నింగ్ షూలోనూ మందమైన ఫోమ్ ఉంటోంది. 2025 సెప్టెంబరు సవరణలో జీఎస్టీ కౌన్సిల్ కూడా జత 2,500 రూపాయల దాకా 5 శాతం, అది దాటితే 18 శాతం అని గీత గీసింది. మన గ్రూపుల సలహాలన్నీ ఆ గీతకు అవతలే ఉండటం నాకు కాస్త సిగ్గుగా ఉంది.

మరి రికార్డులు కొట్టేది ఆ ఖరీదైన షూలతోనే కదా అంటారు. నిజమే. 2017లో నైకీ వేపర్‌ఫ్లై వచ్చాక మారథాన్ ముఖమే మారిపోయింది. అడుగున తేలికైన ఫోమ్, దాని మధ్యలో కార్బన్ ప్లేటు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో పద్ధెనిమిది మంది మంచి రన్నర్ల మీద పరీక్షిస్తే శరీరం ఖర్చుపెట్టే శక్తి సగటున 4 శాతం తగ్గింది. ఆ పరిశోధనకు డబ్బిచ్చింది ఆ కంపెనీయే అనుకోండి, కానీ తర్వాత బయటివాళ్లు చేసిన పరీక్షలూ దాదాపు అదే చెప్పాయి. ఇది ఎంతదాకా వెళ్లిందంటే, 2020 జనవరిలో అథ్లెటిక్స్ ప్రపంచ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ జోక్యం చేసుకుని రోడ్డు షూ సోల్ 40 మిల్లీమీటర్లు దాటకూడదు, ప్లేటు ఒకటే ఉండాలి అని నియమం పెట్టింది. 2023 సెప్టెంబరులో బెర్లిన్‌లో ఇథియోపియా అమ్మాయి టిగిస్ట్ అసెఫా 2:11:53కి పరుగెత్తి మహిళల ప్రపంచ రికార్డును రెండు నిమిషాలకు పైగా తగ్గించినప్పుడు ఆమె కాలికి ఉన్నది 138 గ్రాముల అడిడాస్ షూ. ధర 500 డాలర్లు. ఒక్క మారథాన్‌కి, దానికి ముందు కాలికి అలవాటు చేసుకునే కాసిన్ని కిలోమీటర్లకీ పనికొస్తుందని కంపెనీయే చెప్పింది. నలభై వేల రూపాయల టపాకాయ అన్నమాట.

కానీ ఆ 4 శాతం గంటకు పద్నాలుగు నుంచి పద్ధెనిమిది కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాళ్లది. అదే జాతి షూను 2023లో ఇంకొందరు పరిశోధకులు నెమ్మది వేగాల్లో పరీక్షించారు. గంటకు 12 కిలోమీటర్ల దగ్గర లాభం 1.4 శాతానికి పడిపోయింది. 10 కిలోమీటర్ల దగ్గర 0.9 శాతం. కొందరికి లాభం లేకపోగా నష్టమే కనిపించింది. నా వేగం గంటకు తొమ్మిది కిలోమీటర్లు కూడా లేదు. నాకు ఆ ఒక్క శాతం మొత్తంగా దక్కినా మిగిలేది రెండు మూడు నిమిషాలు. ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర ఉప్పు చల్లిన పుచ్చకాయ ముక్క కోసం నేను నిలబడే సమయం అంతకన్నా ఎక్కువ. ఇరవై వేలు పెట్టి వేపర్‌ఫ్లై కొని ఐదున్నర గంటల్లో పూర్తిచేసే మన మిత్రులను వెక్కిరించడం నా ఉద్దేశం కాదు, వాళ్ల డబ్బు, వాళ్ల ముచ్చట. కొత్తవాళ్లకు దాన్ని అవసరమని చెప్పొద్దు, అంతే.

మనలో ఇంకో వర్గం ఉంది. షూల గోల వినీ వినీ విసుగెత్తి, “అసలు షూలే వద్దు, ఉత్త కాళ్లే మంచివి” అంటారు. వాళ్లకు దేవుడు ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా. 1960లో రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఉత్త కాళ్లతో గెలిచాడు, 2:15:16. ఆ ఫొటో చూడని రన్నర్ ఉండడు. కానీ ఆ కథ మొదటి సగం ఎవరూ చెప్పరు. అక్కడ అతనికి ఇవ్వజూపిన షూలు కాళ్లకు సరిగ్గా పట్టలేదు. పట్టని షూకన్నా అలవాటైన ఉత్త కాలే నయమని వదిలేశాడు. రెండో సగం కూడా చెప్పరు. నాలుగేళ్ల తర్వాత టోక్యోలో షూ వేసుకుని, అంతకన్నా మూడు నిమిషాలు తక్కువలో, 2:12:11కి మళ్లీ గెలిచాడు. అదీ అపెండిక్స్ ఆపరేషన్ అయిన కొద్ది వారాలకే. మన దేశంలోనూ శివనాథ్ సింగ్ ఉన్నాడు. బిహార్ నుంచి సైన్యంలోకి వచ్చినవాడు, ఉత్త కాళ్లతో పరుగెత్తేవాడని పేరు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ మారథాన్‌లో పదకొండో స్థానం. 1978లో జలంధర్‌లో 2:12:00. నాలుగు దశాబ్దాలకు పైగా ఆ టైమును మన దేశంలో ఇంకెవరూ అందుకోలేకపోయారు, ఇన్ని ఫోములూ ప్లేట్లూ వచ్చిన కొన్నేళ్ల దాకా కూడా.

ఇవి చదివి పొంగిపోయి రేపట్నుంచి చెప్పులు విప్పేసి తారు రోడ్డెక్కేవాళ్లకు నాదొక దండం. పదిహేనేళ్ల కిందట ప్రపంచమంతా ఈ పిచ్చి ఒకసారి వచ్చి పోయింది. ఐదు వేళ్లకూ విడివిడిగా తొడుగులుండే పల్చటి షూలు కొని, మొదటి వారమే పదేసి కిలోమీటర్లు పరుగెత్తి, పాదం ఎముకల్లో సన్నటి పగుళ్లు తెచ్చుకున్నవాళ్లున్నారు. అవి అమ్మిన వైబ్రమ్ కంపెనీ తన ప్రచారం మీద వేసిన దావాలో 2014లో 37.5 లక్షల డాలర్లకు రాజీ పడింది. మెక్సికో కొండల్లోని రరామురి జనం టైరు ముక్కతో చేసిన చెప్పులతో వంద కిలోమీటర్లు వెళ్తారు. వాళ్లలో లొరెనా రమీరెజ్ అనే యువతి 2017లో పరికిణీలాంటి గౌనూ ఆ చెప్పులతోనే 50 కిలోమీటర్ల కొండ పరుగును మహిళల విభాగంలో గెలిచింది. మా తాతగారూ టైరు చెప్పులతోనే సంతకు పోను రాను పద్ధెనిమిది కిలోమీటర్లు నడిచేవారు. వాళ్ల పాదాలు చిన్నప్పట్నుంచి అలా తయారయ్యాయి. ముప్ఫై ఏళ్లు ఏసీ ఆఫీసులో కూర్చున్న నా పాదం వేరు. ఇంకో ముఖ్యమైన మాట: మన గ్రూపుల్లో సగం మంది షుగర్ వచ్చాకే పరుగు మొదలుపెట్టినవాళ్లు. షుగరుంటే అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉండొచ్చు, గాజు పెంకు గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. వాళ్లను ఉత్త కాళ్లతో పరుగెత్తమనడం పాపం.

బికిలా కథలో నాకు పనికొచ్చింది ఒకటే. షూ కాలికి పట్టాలి. పదకొండేళ్లలో నాకు ఈ సంగతి చెప్పింది మీరెవరూ కాదు, నా రెండు బొటనవేలి గోళ్లు.

నాలుగేళ్ల కిందట ఒక పెద్ద మాల్‌లో 14,500 పెట్టి ఒక జత కొన్నాను. పొడవు సరిపోయింది. ముందు భాగం కొంచెం బిగుతుగా ఉందంటే షాపువాడు “వాడగా వాడగా లూజవుతుంది సార్” అన్నాడు. ఆ ధర చూసి నా కాలిదే తప్పనుకున్నాను. అవి వేసుకుని ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ పరుగెత్తాను. ఆ రూటు మీకు తెలిసిందే, ఫ్లైఓవర్ ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. ఎక్కేటప్పుడు పర్లేదు. దిగేటప్పుడు ప్రతి అడుగుకూ వేళ్లు వెళ్లి షూ ముక్కుకి గుద్దుకునేవి. మామూలు వేగంలో నిమిషానికి నూట అరవై అడుగులు, ఐదు గంటలు, లెక్కేసుకోండి. ఇరవై ఐదో కిలోమీటరుకి కుడి బొటనవేలి గోరు కింద వేడిగా ఏదో కదిలినట్టయింది. చెమటకు మేజోడు తడిసి ముద్దయింది, ఆ పైన ఇంకో దిగుడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో గచ్చిబౌలి స్టేడియం చేరేలోపు పూర్తిగా అర్థమైంది. ఇంటికొచ్చి మేజోడు తీస్తే రెండు గోళ్లూ నేరేడుపండు రంగులో ఉన్నాయి. మూడు వారాల తర్వాత ఊడిపోయాయి. మా ఆవిడ ఆ షూలను, వాటి బిల్లును, నన్ను వరసగా చూసింది, ఏమీ అనలేదు.

తర్వాత చదివితే తెలిసింది, ఇది నా ఒక్కడి బాధ కాదని. చెన్నైలోని కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థ, అదే సీఎల్‌ఆర్‌ఐ, 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా జనం పాదాలు కొలిచింది. యూరప్, అమెరికా వాళ్లకన్నా మన పాదాలు వెడల్పని తేలింది. మనం ఇప్పటికీ బ్రిటిష్‌వాళ్లు వదిలిపోయిన యూకే సైజుల్లో, వాళ్ల పాదాల ఆకారానికి పోతపోసిన అచ్చుల్లో కాళ్లు దూరుస్తున్నాం. వెడల్పు చాలక ఒక సైజు పెద్దది కొంటాం, అప్పుడు మడమ జారుతుంది, జారకుండా లేసు బిగిస్తాం, పాదం పైన నరం పట్టేస్తుంది. మన కొలతలకు ‘భా’ అనే కొత్త సైజుల పద్ధతిని ఆ సర్వే ఆధారంగానే ప్రతిపాదించారు. అది షాపుల్లోకి వచ్చేదాకా ఒక పాత న్యూస్‌పేపరూ పెన్సిలూ చాలు. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కాగితం మీద నిలబడి చుట్టూ గీత గీయాలి. షూలోని ఇన్‌సోల్ బయటికి తీసి ఆ గీత మీద పెట్టాలి. పాదం గీత ఇన్‌సోల్ అంచులు దాటి బయటికొస్తే ఆ షూ ఎంత గొప్పదైనా మనది కాదు. ముందు వైపు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. నేను ఇప్పుడు వాడేది 2,800 పెట్టి కొన్న వెడల్పాటి జత. దాంతో విశాఖ బీచ్ రోడ్డు మీద ఒక ఫుల్, ఇక్కడ రెండు హాఫ్‌లు అయ్యాయి. గోళ్లు పదీ ఉన్నాయి.

కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో బెన్నో నిగ్ అనే ఆచార్యుడు దశాబ్దాలుగా షూలూ గాయాల మీదే పనిచేశాడు. 2015లో ఆయన చెప్పిందీ దాదాపు ఇదే. మడమ లోపలికి వాలుతోందా బయటికి వాలుతోందా అన్న లెక్కలకన్నా, వేసుకున్న మనిషికి ఏది హాయిగా అనిపిస్తోందో అదే ఎంచుకోవడం మేలని. మన అమ్మమ్మలు చెప్పులు కొనేటప్పుడు షాపులో నాలుగడుగులు నడిచి చూసి కదా కొనేవాళ్లు. ఆ నాలుగడుగులకు ఇంత పరిశోధన కావాల్సొచ్చింది.

మరి గాయాలు ఎందుకొస్తున్నాయి? ఇది మీకు నాకన్నా బాగా తెలుసు, అయినా మైకులో తక్కువ చెబుతారు. తొందరపాటు వల్ల. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అలాగ, జనవరిలో చేరినవాడు మార్చికల్లా హాఫ్, ఆగస్టుకి ఫుల్ అంటాడు. వారానికి పదిహేను కిలోమీటర్లు పరుగెత్తే కాళ్లను హఠాత్తుగా నలభైకి తీసుకెళ్తాడు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో అలవాటు పడతాయి. ఎముకలకూ, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులకూ నెలలు కావాలి. ఆ మధ్యలో పిక్క పట్టేస్తుంది, మడమ పొద్దున్నే నేల మీద ఆనదు. అప్పుడు మనం ఏమంటాం? “ఏ షూ వాడుతున్నావ్?” ఆడలేక మద్దెల ఓడన్న సామెత మనకోసమే పుట్టింది. నేనూ అలాగే ఒక ఏడాదిలో మూడు జతలు మార్చాను. నొప్పి తగ్గింది మాత్రం డాక్టరు ఆరు వారాలు పరుగు ఆపమన్నాకే.

ఒక్కసారి ఐదింటికి ఉస్మానియా క్యాంపస్‌కి వెళ్లి చూడండి. కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే పిల్లలు వందల మంది తిరుగుతుంటారు. 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలు 1,600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలన్నారు. చాలామంది కాళ్లకు సెగా అనే చవక బ్రాండు షూలో, పేరు తెలియని నీలం రంగు షూలో ఉంటాయి, వెయ్యి లోపువి. వాళ్లలో దూరం పరుగుకు పుట్టినవాళ్లు ఎంతమంది ఉన్నారో. వాళ్లకు ఉద్యోగం కోసం పరుగు తెలుసు, దాని తర్వాత కూడా పరుగుంటుందని చెప్పేవాళ్లు లేరు. మన గ్రూపు ఫొటోల్లో వాళ్లెవరూ కనబడరు. గచ్చిబౌలికీ ఉస్మానియాకీ మధ్య ఉన్న దూరం ఇరవై కిలోమీటర్లే.

స్పాన్సర్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. నీళ్లకు, అంబులెన్సుకు, బారికేడ్లకు డబ్బు కావాలి, ఎవరో ఒకరు ఇవ్వాలి. షూ కంపెనీ ఇస్తే తీసుకోండి, బ్యానరు కట్టండి. కానీ కొత్తవాళ్లు వచ్చే మొదటి ఆదివారమే ఆ కంపెనీ మనిషి చేతికి మైకు ఇవ్వడం మానండి. ఇరవై శాతం డిస్కౌంటు కూపన్ అంటే పన్నెండు వేలది తొమ్మిదివేల ఆరువందలు, అంతే కదా. ఆ మైకు మీరే పట్టుకుని, ఉన్న షూతో ఈ నెల మెల్లగా పరుగెత్తండి, పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగం చాలు, నొప్పి వస్తే ఆగండి, షూ సంగతి వచ్చే నెల చూద్దాం అని చెప్పండి. వాట్సాప్ గ్రూపులో పైన పిన్ చేసి ఉండే ‘కొనాల్సిన వస్తువుల’ జాబితాలోంచి మోడళ్ల పేర్లు తీసేసి, కాగితం మీద పాదం గీసుకునే పద్ధతి పెట్టండి. మారథాన్ ఎక్స్‌పోలో అన్ని స్టాళ్ల మధ్య ఒక బల్ల, ఒక స్కేలు, కట్ట కాగితాలు, ఏమీ అమ్మని ఒక వాలంటీరు. ఆ వాలంటీరు పని నేను చేస్తాను, టీషర్టు కూడా అక్కర్లేదు.

పాత షూల మాట కూడా చెప్పాలి. మనలో చాలామంది ఆరేడు వందల కిలోమీటర్లు కాగానే ‘ఫోమ్ చచ్చిపోయింది’ అని జత మార్చేస్తారు. నా బాల్కనీలోనే నాలుగు ఉన్నాయి. అవి మారథాన్‌కి చచ్చినా చిరిగిన కాన్వాస్ కన్నా వంద రెట్లు బతికున్నాయి. శుభ్రంగా ఉతికి, లోపలి ఇన్‌సోల్ మార్చి, సైజూ వెడల్పూ చీటీ రాసి గ్రూపులో పెట్టండి. అడుగు ఒకవైపు బాగా అరిగిపోయినవి మాత్రం ఇవ్వొద్దు, వాటిలో మన నడక వంకర ఉంటుంది. ఇచ్చేటప్పుడు ఫొటోలు తీయొద్దు, దయచేసి.

నిజంగా ఖర్చు పెట్టాల్సినవాళ్లూ ఉన్నారు. పాదానికి ఆపరేషన్ అయినవాళ్లు, డాక్టరు ప్రత్యేకంగా చెప్పినవాళ్లు, ఫుల్ మారథాన్‌ను మూడు గంటల లోపు పూర్తిచేయాలని ఏళ్లుగా శ్రమిస్తున్నవాళ్లు. వాళ్లకు ఏం కావాలో వాళ్లకు తెలుసు, మన సలహా అక్కర్లేదు.

పోయిన వారం గేటు దగ్గర ఆ అబ్బాయిని ఆపి, నేనన్నది తప్పని చెప్పాను. ఎనిమిది వేలు అక్కర్లేదని, నా దగ్గర పాతవి ఉన్నాయని, ఉన్నవాటితోనే వచ్చినా పర్లేదని. “ఇన్నాళ్లూ పరుగు మానేశావా?” అని అడిగాను. నవ్వాడు. “ఎందుకు మానేస్తా సార్? రోజూ నాలుగున్నరకే చెరువు కట్ట మీద పరుగెడుతున్నా. మీ దగ్గరికే రావట్లే.”

వచ్చే ఆదివారం వస్తానన్నాడు. పన్నెండు కిలోమీటర్ల గుంపులో ఉంటాడు, బహుశా అదే తెల్ల కాన్వాస్‌తో. ఎవరూ అతని కాళ్ల వైపు చూడకండి. ఉతికి ఆరబెట్టిన మూడు జతలు నా కారు డిక్కీలో ఉంటాయి. ఏడు, ఎనిమిది, తొమ్మిది సైజులు. తొమ్మిది కొంచెం వెడల్పు.

ఇట్లు,
చివరి వరుసలో పరుగెత్తే మీ గ్రూపు సభ్యుడు